లచ్చయ్యను చంపిన రేడియో

రామచంద్రయ్యకు దేవుడు ఒంటికి కండ పెట్టడం మరిచాడు, ఇంటికి ఆస్తి పెట్టడమూ మరిచాడు. మిగిలిందంతా గొంతులో పోశాడు. మనిషి చూస్తే ఎండుపుల్ల. పిలిచాడంటే మాత్రం వాగు అవతల దున్నేవాడు కూడా నాగలి ఆపి తిరిగి చూడాల్సిందే. ఊట్లపల్లి నుంచి దేవరకొండ బడికి పోయి, తెలుగింట్లో పుట్టిన పాపానికి ఉర్దూలో లెక్కలు చేసి, మెట్రిక్ తప్పి, రజాకార్ల గడబిడలో బడే మూతపడితే ఇల్లు చేరాడు.

పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. దొర పట్నం పారిపోయాడు. దొరల మీద తిరగబడ్డ సంగపోళ్ళు నల్లమల ఎక్కారు. ఖాళీ గడీలో కింద పోలీసులు దిగితే, పైన బురుజు పక్క గదిలో సర్కారు ఒక రేడియో పెట్టించింది. పెట్టె ఒకటి, ఇద్దరు మోస్తే గాని లేవని బ్యాటరీ ఒకటి, మాట్లాడే మైకు, బురుజు మీద ఊరంతటికీ వినిపించే బాకా. పొద్దుగూకే వేళ పట్నం వార్తలు వినిపించాలి. మిగతా పొద్దంతా ఊరి ముచ్చట్లు చెప్పాలి. దానికి చదువుకున్న పిల్లలు కావాలి. జీతం లేదు. జీతానికి బదులు అనుభవం ఇస్తారట. అనుభవం బాగా సంపాదించినవాణ్ణి పట్నం రేడియోలో ఉద్యోగానికి తీసుకుంటారట.

"అనుభవమంటె ఏంది బిడ్డా, వండుకునేదా, కట్టుకునేదా?" అని అడిగింది తల్లి నర్సింగమ్మ.

"పట్నంల నౌకరి వచ్చేదే, అవ్వా."

"అయితె జల్ది తెచ్చుకో. జొన్నలు అయిపోవచ్చినయ్."

రామచంద్రయ్యతోపాటు అతనితో కలిసి మెట్రిక్ తప్పిన చెన్నయ్య కూడా చేరాడు. తప్పిపోయిన బర్రెల గుర్తులు, పెళ్ళి ముహూర్తాలు, చావు కబుర్లు, ఒకటేమిటి, ఊళ్ళో ఎవరేం తెచ్చినా చదివేవారు. మైకు తెరిచినప్పుడల్లా బాకా ముందు కీచుమని ఒక కేక పెట్టేది, ఆ తర్వాతే మనిషి మాట వచ్చేది. ఆ కేకకు ఊళ్ళోని కాకులన్నీ పొలిమేర దాటి, పక్కూరి తాడిచెట్ల మీద కాపురం పెట్టాయి. ఆరబోసిన వడియాలకు కాపలా తప్పిందని ఆడవాళ్ళు సర్కారును మెచ్చుకున్నారు. సర్కారు చేసిన పనుల్లో వాళ్ళు మెచ్చుకున్నది అదొక్కటే.

బర్రె కబురు ఎవడైనా చదువుతాడు, చావు కబురు చదవడంలోనే వుంది పనితనమంతా, అని రామచంద్రయ్య నమ్మకం. పట్నం నుంచి పరీక్షించే ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసి, ఒక మధ్యాహ్నం గదిలో ఒంటరిగా సాధన మొదలుపెట్టాడు. చావు కబురుకు ఒక పేరు కావాలి కదా. ఊళ్ళో ఉన్నవాళ్ళ పేరు పెడితే కర్ర పట్టుకొస్తారు. నిరుడు సంగంతో అడవికి పోయిన లచ్చయ్య గుర్తొచ్చాడు. పాపం, మంచివాడు, పైగా దగ్గర్లో లేడు.

"నల్లమలలో కాల్పులు. ఊట్లపల్లి వాస్తవ్యుడు లచ్చయ్య మృతి" అని మూడు తీర్లుగా చదివాడు. తన గొంతు హోరులో పైన బాకా మోత అతనికి వేరుగా వినపడలేదు. మూడోసారి తన కళ్ళే తడిశాయి. అబ్బ, ఇట్ల చదవాలె అనుకుని ముఖం తుడుచుకుంటుంటే, మైకు తెరిచే ఉందని కనిపించింది. చెన్నయ్య అన్నానికి పోతూ మూయడం మరిచాడు.

కిటికీలోంచి ఏడుపులు వినిపించాయి. రామచంద్రయ్య మెట్లు దిగాడో, దొర్లాడో అతనికే తెలియదు. లచ్చయ్య భార్య గోపమ్మ ఇంటి ముందు అప్పటికే ఆడవాళ్ళు పోగై ఉన్నారు. కాళ్ళ మీద పడదామని ముందుకు పోతే, గోపమ్మ అతని జబ్బ పట్టి లోపలి అర్రలోకి లాక్కుపోయి, తలుపేసి, పైకి చూపించింది.

అటక మీద జొన్న బస్తాల మధ్య గొంగడి కప్పుకుని లచ్చయ్య కూర్చుని ఉన్నాడు. చలిజ్వరంతో అడవి నుంచి దిగి ఇల్లు చేరాడట.

"మంచిగ చదివినవ్ రామచంద్రం" అన్నాడు వణుకుతూ. "మూడోసారి నాకే పానం కలుక్కుమన్నది."

"తప్పయింది అన్నా. ఇప్పుడే పోయి అబద్దమని చెప్త."

గోపమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. "గడీల జమేదారు కూడ ఇన్నడు. సచ్చినోన్ని ఎవ్వడు ఎతకడు. నీ నోటెంబడి మావోడు బతికిండు, మల్ల నోరు తెరిచి సంపకు."

"గాజులు తీయమంటరు కద వదినె."

"గాజులు మల్ల ఏస్కుంట. మనిషిని యాడికెల్లి తెస్త?"

రామచంద్రయ్య నోరు మూసుకుని బయటికి నడిచాడు. అతను నోరు మూసుకోవడం పుట్టాక అదే మొదలు.

ఇక గడీలో పోలీసు జమేదారు సంగతి. సర్కారు బాకా చెప్పింది గనుక అతనికి అనుమానమే రాలేదు. తన మనుషులే కాల్చి చంపారని అప్పటికప్పుడు పైకి కబురంపి మెప్పు కూడా కొట్టేశాడు. ఎవరు కాల్చారని జవాన్లను అడిగితే నలుగురు చేతులెత్తారు. ఇప్పుడు లచ్చయ్య బతికున్నాడని తేలితే జమేదారు నౌకరి పోతుంది. పోకుండా ఉండాలంటే లచ్చయ్యను నిజంగానే చంపాలి. గోపమ్మకు ఇది తెలుసు. అందుకే గుండె రాయి చేసుకుని, మొగుడు నెత్తి మీద ఉండగానే అతని కర్మకు బియ్యం చెరిగింది.

శవం లేదు కాబట్టి మోదుగాకులతో మనిషి బొమ్మను కట్టి కాల్చారు. మూడోనాడు పిట్టకు పెట్టాలి. అంటే చనిపోయినవాడికి ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి దూరం జరిగితే, కాకి వచ్చి ముట్టాలి. ముట్టిందంటే పోయినవాడు తృప్తిపడ్డట్టు. కోడికూర, కుడుములు, ముంతలో కల్లు, బీడీకట్ట అన్నీ వాగు గట్టున పెట్టారు. చావు కబురు చదివినవాడివి నువ్వు రాకపోతే ఎట్లా అని రామచంద్రయ్యను కూడా లాక్కొచ్చారు. అదే రోజు పట్నం ఇన్‌స్పెక్టరు జీపులో దిగాడు. గడీలో పరీక్ష మొదలైంది. పెంటకుప్పల ప్రయోజనాల మీద చెన్నయ్య మాటమాటకూ మైకు మూసి తెరుస్తూ ఊదరగొడుతున్నాడు.

కాకి రాలేదు.

"కోరిక ఏందో ఉండిపోయింది" అన్నాడు పెద్దమనిషి గాలయ్య. "ఓ లచ్చయ్యా, నీ పెండ్లాన్ని మేం అరుసుకుంటం. ముట్టు."

రాలేదు.

"నీ దున్నపోతును నేను తోలుకపోయిన్నని మనసుల పెట్టుకున్నవా? రేపే ఇడుస్త" అన్నాడొకడు. అప్పటిదాకా ఆ దున్నపోతు పులి పాలయిందనుకుంటున్న గోపమ్మ అంత దుఃఖంలోనూ వాడి వైపు కొరకొరా చూసింది. ఇంకొకడు గట్టు జరిపానని ఒప్పుకున్నాడు. పాపాలన్నీ బయటపడుతున్నాయి గానీ పిట్ట మాత్రం రాదు.

జమేదారు మీసం తడుముకుంటూ గాలయ్యను అడిగాడు. "కౌవా ఎందుకు రాదు?"

గాలయ్యకు అబద్ధమాడటం చేతకాదు, పైగా అసలు సంగతి తెలియదు. "మనిషి బతికుంటె గూడ ముట్టదంటరు సారూ."

జమేదారు ముఖం నల్లబడింది. గట్టు మీది ఒక రాయి చూపించి, చెట్టు నీడ ఆ రాయి దాటేలోగా పిట్ట రాకపోతే ఇల్లు సోదా చేస్తానన్నాడు. గోపమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. రామచంద్రయ్య తల తిప్పి చూస్తే పొలిమేర అవతలి తాడిచెట్టు మీద కాకులు కనిపించాయి. కోడికూర వాసన వాటికీ తగిలింది. ఒకటి ఎగిరి వస్తుంది, ఇంతలో బురుజు మీద బాకా కీచుమంటుంది, అది మళ్ళీ తాడెక్కుతుంది. వాటిని తరిమేది లచ్చయ్య ఆయుష్షు కాదు, చెన్నయ్య పెంటకుప్పలు.

పరుగెత్తాడు. గదిలోకి పోయేసరికి ఇన్‌స్పెక్టరు చెన్నయ్యను మెచ్చుకుని, ఇతని వైపు తిరిగాడు. "రామచంద్రయ్య నువ్వేనా? కూర్చో, నీ వంతు. నీ గొంతు గురించి చాలా విన్నాను."

ఆ మాట కోసం అతను ఇన్నాళ్ళూ కాచుకున్నాడు. తల్లి అడిగిన జొన్నలు, పట్నం, ఉద్యోగం, అన్నీ ఆ కుర్చీలోనే ఉన్నాయి. రామచంద్రయ్య కుర్చీ దాటిపోయి, బ్యాటరీ తీగలు రెండూ పీకేశాడు.

"ఏం పనయ్యా ఇది?"

"ఒక్క కాకి తినేదాక ఆగుండ్రి సార్."

ఇన్‌స్పెక్టరు కాకి కోసం ఆగే మనిషి కాదు. అక్కడికక్కడే ఉద్యోగం చెన్నయ్యదైంది. తర్వాతి కాలంలో రామచంద్రయ్య కోస్గి సంతలో చీరలు పరిచి, రంగులూ అంచులూ కేకలేసి అమ్ముకుని బతికాడు. ఆ పూట మాత్రం అదేమీ ఆలోచించలేదు. తీగలు జేబులో పెట్టుకుని మళ్ళీ వాగు గట్టుకు ఉరికాడు.

కాకి వచ్చింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక గుంపు. కోడికూర ఆనవాలు లేకుండా తిన్నాయి. అమ్మయ్య అని ఊరంతా దండం పెట్టింది. జమేదారు కూడా ఊపిరి వదిలాడు. గోపమ్మ మాత్రం తెల్లబోయి చూసింది. పొద్దున ఇల్లు దాటేముందు పిలిస్తే లచ్చయ్య పలకలేదు, ఒళ్ళు కాలిపోతోంది. ఇప్పుడు పిట్ట ముట్టింది.

"ఓ అవ్వా" అని ఇంటికేసి పరుగెత్తింది. ఆమె భయం అర్థమై రామచంద్రయ్య కూడా ఉరికాడు. వెనకే ఊరు, ఊరి వెనక మర్యాదకని జమేదారు. గోపమ్మ లోపలికి పోయి అర్ర తలుపేసుకుంది. మరుక్షణం లోపలి నుంచి భోరున ఏడుపు. అది బతికినవాణ్ణి చూసిన ఏడుపో, పోయినవాణ్ణి చూసిన ఏడుపో తెలియక రామచంద్రయ్య గడపలో కొయ్యబారిపోయాడు. నేనే చంపుకున్నానని లోపల కుమిలిపోయాడు.

అప్పుడు అటక మీద దగ్గు వినిపించింది.

జమేదారు తల ఎత్తబోయాడు. రామచంద్రయ్య నోరు తెరిచాడు. "లచ్చన్నా, మమ్ముల ఇడిసి పోయినవా అన్నా" అని ఇల్లు అదిరేలా ఎత్తుకున్నాడు. గాలయ్య కూడా ఆ దగ్గు విన్నాడు. అబద్ధమాడటం చేతకాని ఆ ముసలాయన గుండెలు బాదుకుంటూ వంత కలిపాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని శోకాలు అందుకున్నారు. దున్నపోతు తోలుకపోయినవాడు అందరికన్నా ఎక్కువ ఏడ్చాడు. ఇంతమంది తనకోసం ఏడుస్తుంటే లచ్చయ్య ఆపుకోలేకపోయాడు, అటక మీద అతను కూడా వెక్కి వెక్కి ఏడ్వసాగాడు. ఒక్కరంటే ఒక్కరు తలెత్తి చూడలేదు. ఇంకాస్త గొంతు పెంచారు.

జమేదారు టోపీ తీసి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. అతను గడీ చేరాక కూడా ఇంట్లో ఎవరూ ఏడుపు ఆపలేదు. అడవి పాలయ్యాడనుకున్న మనిషి ఇంట్లోనే ఉన్నాడని వాళ్ళకు అప్పుడే తెలిసింది మరి.