అక్క కంప్యూటర్‌కు నేను మిగిల్చిన నిమిషం

కంప్యూటర్‌తో కూడా బేరమాడి గెలిచినోణ్ణి నేను. తాండూరులో మా అక్క కందుల దుకాణంలోని కంప్యూటర్, ఆన్ చేసినప్పుడల్లా మెమొరీలోని సమాచారాన్ని ఏ క్షణంలో అందుకోవాలో కొలిచి చూసుకునేది. దానికి నిమిషం పట్టేది. చలికాలంలో కొలిచిన లెక్కనే రోజూ వాడుకొమ్మని సెట్ చేశాను. వికారాబాద్‌లో ఇంట్లో కూర్చుని ఆఫీసుకు అదే పని చేసే ఇంజనీర్‌ను కదా.

“తూకం కాంటాను రోజూ బాటు రాయి పెట్టి చూస్తం. గిది చూసుకోవద్దారా?” అంది అక్క.

“నిన్న కరెక్టున్నది ఇయ్యాల ఎటువోతదక్కా?” అన్నాను.

ఎండలు ముదిరాయి. రేకుల కింద కంప్యూటర్ కాగి, చలికాలం లెక్క తప్పి, మెమొరీలోని అంకెలు తారుమారయ్యాయి. కాంటా మీద ఒక బరువు, కంప్యూటర్ కొట్టిన చీటీ మీద తక్కువ బరువు పడింది. నాన్న కాలం నుంచి వచ్చే దౌల్తాబాద్ రైతు చీటీ చూసి అక్కతో, “నువ్వు గూడ గిట్లనేనా బిడ్డా” అని బస్తాలు మళ్లీ బండికెత్తించాడు. అక్క సరైన చీటీ రాసి వెంట పోయింది. ఆయన చెయ్యి చాపలేదు.

సెట్టింగ్ తీసేశాను. ఆఫీసు పనిలో ఇప్పుడు వేరే దారి పట్టాను: పాత లెక్క దగ్గర మొదలుపెట్టి, దాని చుట్టుపక్కల మాత్రం మళ్లీ కొలవడం. అక్కకు చెప్తే, “ముందే చేయకపోతివి” అంది.

ఆ రైతు మళ్లీ రాలేదు. మిగిలింది పొద్దుకొక నిమిషం. ఆ నిమిషానికి బిల్లు కట్టింది మాత్రం అక్క.