మా అరటితోటకు ఆఫీసర్లు వచ్చారు

ఈ రోజు మాచవరం దగ్గర మా పది కుటుంబాలు కలిసి వేసిన అరటితోటకు ఇద్దరు అధికారులు వచ్చారు. పశువుల ఎరువు తప్ప మరేమీ వేయని తోటకు ఏం సాయం చేయాలో తేల్చడానికట. కుర్ర అధికారి వస్తూనే, యూరియా లేకపోతే గెల నిండదని చెప్పేశాడు. పెద్దాయన మాత్రం మా అత్త మరియమ్మను, "మీకేం కావాలో చెప్పండమ్మా" అని అడిగారు.

"ఎరువు సంగతి మాకు తెలుసు సారూ. ఆ మూడు చెట్ల ఆకులు ఎందుకు పండుబారినయ్యో అదే తెలవట్లేదు. చూసి చెప్పండి" అంది అత్త.

ఆయన బూట్లు విప్పి బురదలో దిగి, ఒక చెట్టు దుంప కోయించారు. లోపలంతా ఎర్రటి చారలు. తెగులు అంటుకుందని, మూడింటినీ వేళ్లతో సహా పీకి కాల్చి, గుంటల్లో సున్నం చల్లమన్నారు. "వీళ్లకు కావాల్సింది యూరియా కాదు, నెలకోసారి వచ్చి చెట్టు చూసే మనిషి" అని రిపోర్టులో కుర్ర అధికారి చేతే రాయించారు. నరసరావుపేటలో జరిగే మీటింగుకు వచ్చి అక్కడి ఆఫీసర్లకు తోట గురించి చెప్పమని అత్తను పిలిచారు.

"గెలలు కోతకొచ్చినయ్ సారూ, నాకు తీరదు. వాళ్లనే ఇక్కడికి రమ్మనండి."

పెద్దాయన నవ్వి సరేనన్నారు. బడిలో పాఠాలు చెప్పే నేను ఇన్‌స్పెక్టరు వస్తే నోరు విప్పను. ఇవాళ ఆమె కోడలినని చెప్పుకోవడానికి గర్వంగా ఉంది. ఇంతకీ ఆ వచ్చే ఆఫీసర్లందరికీ అరటికాయ వేపుడు చేయాలా, పులుసు పెట్టాలా? మీరే చెప్పండి.