సున్నా మిల్లీమీటర్లు

1996 చలికాలం. పాతబస్తీలో బార్కస్ దాటి కంచన్‌బాగ్ వెళ్ళే దారిలో ఒక చిన్న ధర్మాసుపత్రి ఉండేది. అందులో నేను నర్సుగా చేరి అప్పటికి ఆరేళ్ళు. మాది గుంటూరు వైపు. మాట తక్కువ, పని ఎక్కువ అని నా గురించి నేనే గొప్పగా చెప్పుకునేదాన్ని. పేషెంట్లు కథ మొదలుపెడితే "ముందు చెయ్యి చాపమ్మా, తర్వాత చెబుదువుగాని" అనేదాన్ని. ఆ తర్వాత అనేది ఎప్పుడూ వచ్చేది కాదు. జేబులో చిన్న ప్లాస్టిక్ స్కేలు పెట్టుకు తిరిగేదాన్ని కాబట్టి అక్కడందరికీ స్కేలు సిస్టర్‌నయ్యాను. ఆ పేరంటే లోలోపల ఇష్టంగానే ఉండేది.

ఆ స్కేలు మాంటూ టెస్టు కోసం. టీబీ క్రిమి నుంచి తీసిన ప్రొటీన్ ఒక చుక్క, ముంజేతి లోపలివైపు చర్మం పొరల్లోకి ఎక్కిస్తాం. ఒంట్లోకి ఆ క్రిమి ఇదివరకే వచ్చి ఉంటే, దాన్ని గుర్తుపెట్టుకున్న టి-కణాలు అక్కడికి చేరతాయి. ఇవి తెల్ల రక్తకణాల్లో ఒక రకం. రెండు మూడు రోజుల్లో ఆ చోటు గట్టిగా ఉబ్బుతుంది. ఎర్రదనాన్ని పట్టించుకోం, గట్టిపడిన మేర ఎన్ని మిల్లీమీటర్లో కొలుస్తాం. ఉబ్బితే క్రిమి ఉన్నట్టు, ఉబ్బకపోతే లేనట్టు. నేను అంత తేలిగ్గా బుర్రకెక్కించుకున్నాను.

డిసెంబరులో యాదమ్మ తన నాలుగేళ్ళ కూతురు స్వరూపను తీసుకొచ్చింది. భర్త లారీల దగ్గర హమాలీ. ఆమె మామగారికి టీబీ అని తేలి వారమైంది. ఉన్నది రెండు గదుల ఇల్లు, పిల్లేమో రోజూ తాత పక్కలోనే పడుకునేది. డాక్టర్ సాబ్ పిల్లకు మాంటూ రాశారు. ఉబ్బితే ఆరు నెలలు మాత్రలు, లేకపోతే అక్కర్లేదు. అప్పట్లో ఆయన పద్ధతి అది.

చెయ్యి పట్టుకుని స్పిరిట్‌తో తుడుస్తుంటే చర్మం సన్నటి పొట్టులా రాలింది. అక్కడక్కడ గోధుమరంగు మచ్చలున్నాయి.

"మొన్ననే తట్టు పోసింది నర్సమ్మా," అంది యాదమ్మ. "యాపాకు నీళ్ళు పోసి పది రోజులు గూడ కాలే. గిప్పుడు సూది ఇయ్యొచ్చా?"

"తగ్గిపోయిందిగా. ఏం కాదు. కదలకుండా పట్టుకో."

సూది వల్ల ఏమీ కాదన్న మాట నిజమే. నేను అంతవరకే ఆలోచించాను. రిజిస్టర్లో పేరు, వయసు, తేదీ రాశాను. తట్టు సంగతి రాయలేదు.

మూడో రోజు వచ్చారు. వేలితో తడిమి చూశాను. చర్మం నున్నగా ఉంది.

"కిత్నా, సిస్టర్?" అన్నారు డాక్టర్ సాబ్ లోపలి నుంచి.

"జీరో, సాబ్."

"అంటే ఫికర్ లేదా నర్సమ్మా?" అంది యాదమ్మ.

"ఏం లేదమ్మా. నిశ్చింతగా వెళ్ళు."

"మా మామకు చెప్తే మస్తు సంబురపడ్తడు," అని పిల్లను చంకనేసుకుని నవ్వుతూ వెళ్ళింది.

నెలన్నరకు మళ్ళీ తెచ్చింది. పిల్లకు వారంగా జ్వరం, వాంతులు, పిలిస్తే పలకడం లేదు. మెడ బిగుసుకుపోయింది. డాక్టర్ సాబ్ చూసీ చూడగానే పెద్దాసుపత్రికి పంపారు. టీబీ మెదడు పొరలకు పాకింది. ఈమధ్య తట్టు వచ్చిందా అని అక్కడి డాక్టర్లు మొదట అడిగారట.

తట్టు తగ్గాక కూడా కొన్ని వారాలపాటు టి-కణాలు నీరసంగానే ఉంటాయి. మాంటూ మందు ఎక్కించినా లేవవు. లోపల టీబీ క్రిమి ఉంటే, దానికీ ఆ రోజుల్లో అడ్డుండదు. చర్మం ఉబ్బకపోవడం క్షేమమనుకున్నాను. ఆ పిల్ల ఒంటికి అప్పుడు ఉబ్బే శక్తి లేదు. ఇదంతా నేను ట్రైనింగులో చదివిందే. "తట్టు వచ్చి తగ్గిందట సాబ్" అని ఒక్క ముక్క అని ఉంటే ఆయన సున్నాను నమ్మేవారు కాదు, మాత్రలు మొదలుపెట్టేవారు.

ప్రాణం దక్కింది గానీ వినికిడి పోయింది.

చూడ్డానికి వెళ్ళినప్పుడు వార్డు బయట యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది. "తట్టు ముచ్చట నేను సక్కగ చెప్పకపోతినా నర్సమ్మా? ఇక్కడ అందరు గదే అడుగుతున్నరు."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, పిల్లను చూసుకో," అన్నాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. తప్పు చేసినదానికంటే ఆ మాట అన్నందుకే నాకు ఇప్పటికీ ఎక్కువ సిగ్గు.

ఆ తర్వాత రిజిస్టర్లో ప్రతి పేజీ పైన "తట్టు వచ్చిందా?" అని ఎర్ర సిరాతో రాసేదాన్ని. ఎంత జాగ్రత్త మనిషో అని కొత్త నర్సులు మెచ్చుకునేవారు.

2004లో యాదమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి భర్తకు టీబీ, టెస్టు మూడేళ్ళ కొడుక్కి. పక్కనే పన్నెండేళ్ళ స్వరూప, మా పెదవులు చూస్తూ నిలబడింది.

కూర్చోకముందే చెప్పడం మొదలుపెట్టింది యాదమ్మ. "వీనికి తట్టు రాలే నర్సమ్మా. జరం గూడ రాలే. ఈసారి అన్నీ ముందుగాల్నే చెప్తున్న. అప్పుడు సరిగ చెప్పక పిల్లను ఖరాబు చేసుకుంటి."

సిరంజి ట్రేలో పెట్టేశాను. "అప్పుడూ చెప్పావు యాదమ్మా. సూది వేసే ముందే చెప్పావు. డాక్టర్ గారికి చెప్పనిది నేను."

ఆమె తిట్టలేదు.

"గీ ముచ్చట గప్పుడే చెప్తే అయిపోతుండె కద నర్సమ్మా," అంది. "ఎనిమిదేండ్ల సంది నన్ను నేనే తిట్టుకుంటున్న."

మిల్లీమీటరు తేడా రాకుండా కొలిచేదాన్ని, ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది. ఏమైందని స్వరూప తన తల్లి భుజం తట్టి సైగతో అడిగింది. ఏమీ లేదన్నట్టు యాదమ్మ తల ఊపి, కొడుకు చొక్కా చెయ్యి పైకి మడిచి, వాడి చేతిని నా ముందుకు చాపింది.