మిత్కాల్ కొట్టని చుక్కలు

మఆన్ ఊళ్లో లారీ ఇంజన్లోకి గాలి నెట్టే టర్బో పాడైతే మిత్కాల్ దగ్గరికే తీసుకెళ్లాలి. ముప్పై ఏళ్లుగా అతను చేస్తున్నది ఆ ఒక్క పనే. నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిది. విప్పేముందు షాఫ్ట్ మీద, చక్రం మీద, నట్టు మీద ఒకే వరసలో మూడు గీతలు గీస్తాడు. బిగించేటప్పుడు ఆ గీతలు వెంట్రుకవాసి పక్కకి జరిగినా మళ్లీ మొదటికొస్తాడు. నిమిషానికి లక్షసార్లు తిరిగే వస్తువుతో పరాచికాలేమిటంటాడు. పని పూర్తయ్యాక పై తొడుగు మీద పంచ్‌తో తన గుర్తుగా రెండు చుక్కలు కొడతాడు. అకాబా రేవు నుంచి ఎడారి దారిలో సరుకు తోలే డ్రైవర్లు కాగితాలు చూడరు, హామీలు అడగరు, పాత టర్బో అయినా ఆ రెండు చుక్కలూ తడిమి చూసుకుని కొనేస్తారు. ఆ నమ్మకాన్నే మిత్కాల్ బావమరిది జదాన్ సంతలో సరుకులా అమ్ముకున్నాడు.

సోమవారం పొద్దున సత్తాం అనే డ్రైవరు షెడ్డు ముందు లారీ ఆపి, గోనెపట్టాలో చుట్టిన పాత టర్బో తెచ్చి బల్ల మీద పెట్టాడు. జదాన్ తుక్కు దుకాణంలో కొన్నాడట. "నువ్వు బాగుచేసిందేగా అన్నా, బిగించెయ్," అన్నాడు.

చుక్కలైతే ఉన్నాయి. కానీ మిత్కాల్ పంచ్ మొన ఎప్పుడో అరిగిపోయింది, దాని చుక్క అడుగున గుండ్రంగా పడుతుంది. ఇవి సూదితో పొడిచినట్టు ఉన్నాయి. అతను షాఫ్ట్‌ని రెండు వేళ్లతో పట్టుకుని ఊపాడు. రవ్వంత కదలాల్సిన చక్రం వెళ్లి తొడుగు లోపలి గోడకి కొట్టుకుంది. విప్పి చూసేసరికి ఒళ్లు మండిపోయింది. షాఫ్ట్ ఆయిల్ అందక మాడి నీలంగా మారింది. బేరింగులు మార్చనే లేదు. చక్రానికి ఒక రెక్క విరిగితే, మిగతా రెక్కలన్నీ ఆకురాయితో దానికి సరిపడా అరగదీసి, పైన వెండిరంగు పూసి కూర్చోబెట్టాడు ఆ మహానుభావుడు.

దీన్ని బిగిస్తే ఏమవుతుందో మిత్కాల్‌కి తెలుసు. సీలు తెగి ఆయిల్ ఇంజన్లోకి పోతుంది, పొగ నీలంగా వస్తుంది. ఇక ఇంజన్ తన ఆయిల్ తనే తాగుతూ, తాళం తీసేసినా ఆగకుండా రంకెలేస్తుంది. వెనక నలభై టన్నుల సరుకుతో రాస్ అల్ నకబ్ ఘాటు దిగుతున్నప్పుడు అలా జరిగితే డ్రైవరు ఇంటికి చేరడు. ఆ ఇనుము మీద మాత్రం మిత్కాల్ గుర్తు చెక్కుచెదరకుండా ఉంటుంది.

చేతులైనా కడుక్కోకుండా జదాన్ దుకాణానికి వెళ్లాడు. ఇలాంటివి ఎన్ని అమ్మావురా అని నిలదీశాడు. ఇది కాక ఇంకో ఆరు, అన్నాడు జదాన్, ఏదో మేకులు అమ్మినట్టు.

"నీ గుర్తు లేకపోతే ఎవడు కొంటాడు బావా? ఇందులో నీకు పోయిందేముంది?"

"ఎవరెవరికి అమ్మావు?"

"గుర్తులేదు."

మిత్కాల్ కొట్టలేదు. కొడితే ఆ చెయ్యి ఆగదని అతనికి తెలుసు. వచ్చి ఆ టర్బోని షెడ్డు తలుపుకి తీగతో వేలాడదీసి, కింద సుద్దతో రాశాడు: ఇది జదాన్ పని, నా చుక్కలు కావు. మూడు రోజులు దారిన పోయే ప్రతి డ్రైవరూ ఆగి చదివాడు. తన తమ్ముణ్ణి బజారుకీడ్చాడని భార్య నోఫా పలకడం మానేసింది. అతనికి అన్నం సయించలేదు. ఆరు లారీలు ఎక్కడ తిరుగుతున్నాయో తెలియనివాడికి ఎలా సయిస్తుంది?

గురువారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక పెద్దలు ఇంటికొచ్చారు. ముందు హాజీ ఉక్లా, రెండు ఇళ్లకీ పెద్ద దిక్కు. అందరి వెనకాల జదాన్, నోట్లో వేలు పెడితే కొరకలేనివాడిలా. నోఫా పంపిన కాఫీ కప్పుల్ని ఎవరూ నోటికి ఆనించకుండా ముందు పెట్టుకున్నారు. ఆచారం ప్రకారం, అడిగింది ఒప్పుకునేదాకా తాగరు. తాగకుండా లేచి వెళ్లారంటే ఆ ఇంటి పరువు పోయినట్టే.

ఇంటి గుట్టు తలుపుకి వేలాడదీయడం మనకి తగదని, దాన్ని దించమని, జదాన్ చేత తప్పు ఒప్పిస్తామని హాజీ నెమ్మదిగా చెప్పాడు.

"దించుతాను హాజీ. రాజీకి గుర్తుగా వాడి నుదురు కూడా ముద్దుపెట్టుకుంటాను. ముందు ఆ ఆరుగురి పేర్లు చెప్పమనండి."

జదాన్ గుర్తులేదన్నాడు. ఇంత పట్టుదల పనికిరాదని పెద్దల్లో ఒకాయన గొణిగాడు. మిత్కాల్‌కి నెత్తురు తలకెక్కింది. విసురుగా లేచి వెళ్లి, పక్కనే ఉన్న షెడ్డు తలుపుకున్న టర్బోని పీక్కొచ్చి కప్పుల మధ్య దించాడు. న్యాయం చెప్పేముందు వేలు పెట్టి చూడండన్నాడు.

హాజీ అరగదీసిన రెక్కల్ని తడిమాడు. తర్వాత తొడుగు మీది చుక్కల్ని తడిమాడు. వేలు అక్కడే ఆగిపోయింది.

"పోయిన నెల మా అబ్బాయి రాకాన్ ఈ చుక్కలు చూసే ఒకటి కొన్నాడు," అన్నాడు. జదాన్ వైపు తిరిగాడు. "వాడికిచ్చిందీ ఇలాంటిదేనా?"

జదాన్ నోరు విప్పేలోపే హాజీ కొడుక్కి ఫోన్ చేశాడు. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, ఘాటు దగ్గరికి వచ్చేశాను, దిగాక మాట్లాడతానన్నాడు. మిత్కాల్ ఫోన్ లాక్కున్నాడు.

"రాకాన్, నేను మిత్కాల్‌ని. బండి పక్కకి తీసి ఇంజన్ ఆపు. ఇప్పుడే."

అవతల బ్రేకుల గాలి బుస్సుమంది. ఇంజన్ చప్పుడు ఆగింది.

"ఆపాను మామా. పొద్దుట్నుంచీ నీలంపొగ కక్కుతూనే ఉంది. నీ చుక్కలున్నాయి కదా, ఏం కాదులే అని తోలుతున్నా."

గదిలో అందరికీ వినబడింది. అక్కడే ఉండమని, తానే వస్తున్నానని చెప్పి మిత్కాల్ ఫోన్ తిరిగిచ్చాడు. హాజీ చేతికర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు.

"మేము నిన్నేమీ అడగలేదనుకో మిత్కాల్," అన్నాడు. జదాన్ ముఖంలోకి చూశాడు. "మిగతా అయిదూ చెప్పు."

జదాన్ చెప్పాడు. ఊరు, మనిషి పేరు, లారీ రంగు, అమ్మిన వారం, అన్నీ చెప్పాడు. అయిదింట్లో ఒక్కదాని దగ్గర కూడా తడుముకోలేదు.