చిన్నమ్మ చూసొచ్చిన మాల్టా

నిన్న పొద్దున స్కూల్లో ప్రేయర్ నడుస్తుండగా చిన్నమ్మ కొడుకు ప్రేమ్ ఫోన్ చేశాడు. ఆ టైంలో వాడెప్పుడూ చేయడు.

"అక్కా, అమ్మ లేస్తలేదు."

అంతే అన్నాడు. ఏమంటున్నాడో నాకు వెంటనే అర్థం కాలేదు.

సులోచన చిన్నమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది.

మా అమ్మకు చెల్లెలు. బీదర్‌లో చాలామందికి మాత్రం సులోచన సిస్టర్. నర్సుగా రిటైరయ్యాక కూడా గల్లీలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆమె తలుపే తట్టేవారు.

మొన్న సాయంత్రమే మాట్లాడాను. నా గొంతు విని "జలుబైందా?" అని అడిగింది. ఆమె గొంతులో ఏ తేడా లేదు.

నిన్నంతా ఏడ్చాను. ఇవాళ రాయడానికి కూర్చుంటే ఏడుపు కన్నా ముందు ఒక పెద్ద ఊపిరి బయటికొస్తోంది. హమ్మయ్య అన్నట్టు.

ఎందుకో చెప్తాను.

చిన్నాన్న పక్షవాతంతో మంచం పట్టిన ఏళ్లన్నీ చిన్నమ్మ హైదరాబాద్ దాటి వెళ్లలేదు. ఆయన పోయిన తర్వాత ఆమెకే గుండె జబ్బు బయటపడింది. అదే టైంలో ఫిలోమినా ఫోన్ చేసింది. ఒకప్పుడు చిన్నమ్మ దగ్గర పని నేర్చుకున్న నర్సు. ఇప్పుడు మాల్టాలో ఒక వృద్ధాశ్రమంలో పని చేస్తోంది. "సిస్టర్, ఒక్క వారం రండి, మా ఇంట్లోనే ఉందురు" అంది.

మాల్టా అంటే మధ్యధరా సముద్రంలో ఒక చిన్న ద్వీపం.

ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకునేవారు. చిన్నమ్మ నన్ను పిలిచి ప్లాన్ వేయమంది.

నేను ఇంటర్నెట్ అంతా వెతికి వారానికి సరిపడా ప్లేసుల లిస్టు పట్టుకెళ్లాను. ఫోన్‌లో మ్యాప్ ఆమెకు సరిగా కనిపించలేదు. పళ్లెంలోంచి జొన్నరొట్టె తీసి, అంచులు తుంచి, "ఇట్లనేనా ఉన్నది?" అంది. పక్కన చిన్న ముక్క పెట్టి అది గోజో అనే ఇంకో ద్వీపం అన్నాను. మధ్యలో పచ్చిమిరపకాయ పెట్టింది. "ఇది పడవ."

ఒక్కో ప్లేసు చూపిస్తూ పోయాను. కోట. ఇంకో కోట. కోటగోడల మధ్య పాత ఊరు.

"ఏందే, అన్నీ ఖిలాలేనా? పుట్టినకాడికెళ్లి బీదర్ ఖిలా పక్కనే ఉన్న. నాకు నీళ్లు చూపియ్యి."

సగం ప్లాన్ అక్కడే ఎగిరిపోయింది. రోజుకొక్క చోటు, మధ్యాహ్నం రెస్ట్, వీలైనంత సేపు సముద్రం. చివరికి మిగిలింది అదే.

అసలు గొడవ ప్రేమ్‌తో వచ్చింది. ఒక్కడే కొడుకు. వాడి భయం నాకు తెలుసు, నాకూ అదే భయం.

"ఆడ ఏమన్నయితే ఎవరు జిమ్మేదారి?" అన్నాడు.

"ఈడ ఏమన్నయితే ఎవర్రా జిమ్మేదారి?" అంది చిన్నమ్మ. కోపంగా కాదు, మామూలుగా అడిగినట్టే.

డాక్టర్‌ని అడుగుదామని ముగ్గురం హైదరాబాద్ వెళ్లాం. మెట్లు ఎక్కొద్దు, మందులు మానొద్దు, వెళ్లిరండి అన్నాడాయన. ప్రేమ్ అలిగాడు. అయినా వెళ్లే రోజు ఎయిర్‌పోర్ట్ దాకా కార్లో వచ్చాడు. గేటు దగ్గర మందుల పర్సు ఆమె మెడలో వేసి, "తియ్యకు" అన్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

తోడుగా వెళ్లిన నేను ఆ వారమంతా ఆమె ఊపిరి వింటూనే గడిపాను. గోజోకి వెళ్లే పడవలో ఆమె రెయిలింగ్ పట్టుకుని నీళ్లనే చూసింది. ఫొటో తీస్తానంటే చెయ్యి అడ్డం పెట్టి, "జర ఆగు, చూడనియ్యి" అంది.

మర్నాడు ఒక చిన్న ఎత్తు ఎక్కుతుంటే ఆయాసం వచ్చింది. పెదాలు పాలిపోయాయి. రిటర్న్ టికెట్ ముందుకు మార్చేద్దాం అన్నాను.

"కూసుంటే తగ్గుతది. నువ్వు గుడ కూసో. పరేషాన్ కాకు."

కూర్చున్నాం. నిజంగానే తగ్గింది. అక్కడి నుంచి మెల్లగా దిగి, బస్సెక్కి చేపల పడవలుండే ఊరికి వెళ్లాం. నీలం, పసుపు రంగుల పడవలు. ప్రతి దాని ముక్కు మీద రెండు కళ్లు గీసి ఉన్నాయి.

వల బాగుచేస్తున్న ముసలాయనకి ఆ కళ్లు చూపించి, తన చేతిని తల చుట్టూ తిప్పి దిష్టి తీసినట్టు చేసి చూపింది. ఆయనకి వెంటనే అర్థమైంది. తల ఊపి నవ్వాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఏ భాషలో మాట్లాడుకున్నారో నాకు తెలీదు. ఆయనకి మోకాళ్ల నొప్పులని మాత్రం ఆమె కనుక్కుంది.

ఆఖరి రోజు తనే అడిగింది. "పా, వాళ్ల ఖిలా ఎట్లున్నదో చూద్దాం." పాత ఊరి వంతెన మీద నిలబడి గోడల్ని అటూ ఇటూ చూసి, "మనదే పెద్దది" అని తేల్చేసింది.

ఏమీ కాలేదు. క్షేమంగా వెళ్లి క్షేమంగా వచ్చాం. ఆ తర్వాత ఏడాది పాటు బీదర్ పక్కనున్న కమఠాణలో, చర్చిలో, కూరగాయల బండి దగ్గర ఆమె చెప్పింది ఆ సముద్రం సంగతే.

ఇవాళ సమాధి దగ్గర అందరూ వెళ్లిపోయాక ప్రేమ్, నేను మిగిలాం.

"అక్కా, అప్పుడు అమ్మ నా మాట ఇనకపోవుడే మంచిగైంది. ఇని ఆగి ఉంటే ఈయాల ఈడ నేనెట్ల నిలబడుతుంటి?"

నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను. ఇద్దరికీ ఏడుపొచ్చింది, కానీ అది బరువైన ఏడుపు కాదు.

పోయిరా చిన్నమ్మా. ఎవరి జ్వరానికీ లేవాల్సిన పనిలేదు ఇక. ప్రభువు దగ్గర హాయిగా పడుకో.