ఈశ్వర్రావు డ్యూటీ వదిలి వెళ్లలేదు

నిన్న పొద్దున్న పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుతుంటే ఫోన్ వచ్చింది. ఈశ్వర్రావు పోయాడట. హార్ట్ ఎటాక్.

నమ్మలేక పేరు రెండుసార్లు చెప్పించుకున్నాను.

మొన్ననే గోపాలపట్నంలో వాడి టిఫిన్ బండి ముందు నుంచే వెళ్లాను. హెల్మెట్ తియ్యలేదు. వాడు గుర్తుపడితే ఆగాల్సొస్తుందని.

ఈ పోస్ట్ చదివే మీలో చాలామందికి వాడు తెలుసు. వాడి గురించి మీరు విన్న ఒక విషయం మాత్రం అబద్ధం. అది నా దగ్గర పుట్టిందే. అందుకే రాస్తున్నాను.

మాది గోదావరి వైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చిన కుటుంబం. కంపెనీలో చేరిన మొదటిరోజే నన్ను "బావా" అని పిలిచింది వాడే. పోర్ట్ దగ్గర నూనె ట్యాంకుల కంపెనీ అది. నేను షిఫ్ట్ ఇన్‌ఛార్జ్, వాడు సేఫ్టీ సూపర్‌వైజర్.

మహా చాదస్తం. క్యాంటీన్ మెట్టు తడిగా ఉన్నా గొడవే. మేమంతా "అత్తగారొచ్చింది" అని ఏడిపించేవాళ్లం.

ఆ అబద్ధం పుట్టిన రోజు ఒక ట్యాంకు కడగాలి. సాయంత్రానికి ఓడ వస్తోంది. మనుషుల్ని దింపే ముందు లోపలి గాలి పీల్చడానికి పనికొస్తుందో లేదో మీటర్ పెట్టి చూడాలి. ఆ మీటరేమో రిపేర్‌కి వెళ్లింది.

"మీటర్ లేకండా మనుసుల్ని దింపీమంటావేటి బావా? నాను సంతకం పెట్టను," అన్నాడు.

మనుషుల్ని దింపడానికి అనుమతిచ్చే ఆ కాగితాన్ని మేనేజర్ నా ముందుకు తోశాడు.

పెట్టేశాను. ఓడ ఆగితే నింద నా మీదికొస్తుందన్న భయం తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

ముగ్గురు దిగారు. ముగ్గురూ పైకొచ్చారు. ఏమీ కాలేదు.

అంతసేపూ ఆఫీసులో ఈశ్వర్రావు కుర్చీ ఖాళీ. అలిగి ఇంటికి పోయాడనుకున్నాను. మర్నాడు మేనేజర్ అడిగితే రాసిచ్చాను. "సంతకానికి నిరాకరించి, డ్యూటీ వదిలి వెళ్లిపోయారు."

ఎక్కడికెళ్లావు అని వాడిని ఒక్క మాట అడగలేదు. ఎంక్వైరీలో వాడు ఏదో చెప్పబోతే మేనేజర్ వినలేదు. నేను తల దించుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ ఒక్క లైను చూపించి వాడిని ఉద్యోగంలోంచి తీసేశారు. పని ఎగ్గొట్టి పోయాడని మీరంతా నవ్వారు. మీతోపాటు నేనూ నవ్వాను.

తర్వాత ఒకే ఒక్కసారి వాడి బండి దగ్గర ఆగాను. పెసరట్టు వేసి పెట్టాడు. ఉద్యోగం మాట ఎత్తలేదు.

"మీటరొచ్చిందేటి బావా?" అని మాత్రం అడిగాడు.

వచ్చిందన్నాను. రాలేదు. అప్పటికి ఇంకో రెండు ట్యాంకులకి నేనే సంతకం పెట్టి ఉన్నాను.

నిన్న శ్మశానం దగ్గర అప్పలనాయుడు కనిపించాడు. ఆ రోజు ట్యాంకులోకి దిగిన ముగ్గురిలో ఒకడు, కాంట్రాక్ట్ లేబర్. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"ఆయన ఎల్లిపోనేదు బాబూ. ట్యాంకు మూత కాడే కూకున్నాడు. మా నడుములకి తాళ్లు కట్టి, ఆ కొసలు సేతికి సుట్టుకున్నాడు. పేరెట్టి పిలుత్తానే ఉన్నాడు. పలక్కపోతే తిట్టీవోడు. మేం ముగ్గురం పైకొచ్చీదాకా కూకున్న కాడ్నించి నెగనేదు."

"మరి ఎంక్వైరీలో చెప్పలేదేం?" అన్నాను.

"మమ్మల్నెవురడిగారు బాబూ?"

నిజమే. ఎవరూ అడగలేదు. వాళ్లు ట్యాంకులో ఉన్న టైమ్‌లో నేను ఏసీ గదిలో ఓడ వాళ్లతో ఫోన్లో ఉన్నాను. కిటికీలోంచి చూస్తే ఆ ట్యాంకు కనిపిస్తుంది. లేచి చూడలేదు.

ఇవాళ కంపెనీకి మెయిల్ పెట్టాను. నేను రాసిచ్చింది అబద్ధమని, మీటర్ లేకుండా ఎన్ని సంతకాలు పెట్టానో కూడా రాశాను. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. వాళ్లు చదవకపోయినా మీరు చదవండి.

వాడి కూతురు కూడా ఈ పోస్ట్ చూస్తుంది. అమ్మా, మీ నాన్న పని వదిలి పారిపోలేదు. ఆ రోజు పారిపోయింది నేను.

ఇది వాడు బతికుండగా చెప్పాల్సిన మాట. ఆ పెసరట్టు తింటున్నప్పుడైనా చెప్పాల్సింది. ఇప్పుడు క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు.

ముగ్గురూ పైకొచ్చేశారు బావా. ఇక ఆ తాళ్లు వదిలెయ్. ప్రశాంతంగా పడుకో.