మగ్గం ఆడుతోంది కదా

తమిళనాడు గుడియాత్తంలో మా నేతగాళ్ల వీధిలో ఎవరూ బాగున్నారా అని అడగరు. "మగ్గం ఆడతా ఉండాదా?" అని అడుగుతారు. ఆడుతోందంటే ఇంట్లో అందరూ బాగున్నట్టే లెక్క. ఆ మాట వింటే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది.

అమ్మ పోయిన మరుసటి ఏడు నాన్న మగ్గం గుంతలో దిగడం మానేశాడు. డెబ్బై దాటిన మనిషి. అన్నం పెడితే కెలికి లేచిపోయేవాడు. తెల్లారకముందే మెలకువ వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. వయసైపోయింది, అంతే అన్నాడు మా అన్న. వయసైతే మోకాళ్లు నొప్పెడతాయి గానీ, మనవరాలి మొహం చూడబుద్ధి కాకుండా పోతుందా? నాన్న ఉండేది అన్న దగ్గర, నా కాపురం వేలూరులో. అన్నతో పోట్లాడి, నాన్నను అక్కడి డాక్టరమ్మ దగ్గరికి రప్పించాను.

ఆమె వెంట వచ్చిన అన్ననూ, నన్నూ పక్కన పెట్టి నాన్నతోనే మాట్లాడింది. ఇది దిగులు జబ్బు, మందుంది అంది. పెద్దవయసు కాబట్టి తక్కువ మోతాదుతో మొదలుపెడతానని, గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుందని, బాగయ్యాక కూడా చాలా నెలలు వాడాలని, తనను అడక్కుండా ఆపొద్దని తమిళంలో ఒకసారి, వచ్చీరాని తెలుగులో ఒకసారి చెప్పింది. అన్న బుద్ధిమంతుడిలా తలూపాడు.

మొదట్లో నాన్నకు కడుపులో తిప్పేది. తర్వాత సర్దుకుంది. మెల్లగా అన్నం సయించింది. ఒకరోజు తనే ఫోన్ చేసి, వంకాయ పులుసు ఎట్లా పెడతావమ్మా అని అడిగాడు. నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను.

ఆ వారమే మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు. అంతే, అన్న ఆయనకు మాత్రలివ్వడం ఆపేశాడు. నాతో ఒక్క మాట అనలేదు. నేను ఫోన్ చేస్తే మగ్గం ఆడుతోందనేవాడు. కొన్నాళ్లకు వెళ్లి చూద్దును గదా, నాన్న లుంగీ నేస్తూనే ఉన్నాడు, మనిషి మాత్రం సగమయ్యాడు. పొద్దున పెట్టిన ఇడ్లీలు పక్కనే ఎండిపోయి ఉన్నాయి. నన్ను చూసి ఎప్పుడొచ్చావని కూడా అడగలేదు.

"నేస్తా ఉండాడు కదమ్మా, ఇంకా ఆ పిచ్చి మాత్రలెందుకు? వీధిలో తెలిస్తే ఏమనుకుంటారు?" అన్నాడు అన్న.

నీ బీపీ మాత్ర వీధినడిగి మింగుతున్నావా అని అరిచాను. పక్కింటి మగ్గం ఆగింది. ఆగనీ. వినాలనే అరిచాను.

నాన్న పోగు ఆడించే నాడె పక్కన పెట్టి అన్నవైపు చూశాడు. "ఈ చేతులకు చిన్నప్పటి అలవాటప్పా. నేను సచ్చినా అవి నేస్తాయి." తర్వాత నాతో అన్నాడు: "ఆ మాత్ర తినేప్పుడు నోటికి రుచి తెలిసిందమ్మా. నాకది కావాల."

అప్పటికప్పుడు షేర్ ఆటో ఎక్కించి బస్టాండుకు తీసుకుపోయాను. డాక్టరమ్మ మళ్లీ మొదటినుంచి, చిన్న మోతాదుతో మొదలుపెట్టింది. ఇప్పుడు నాన్న నా దగ్గరే ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి, మగ్గం ఆగిపోయింది, నాయనకేమైందని అందరూ అడుగుతున్నారు, ఏం చెప్పమంటావు అన్నాడు అన్న. అప్పుడు నాన్న రెండోసారి పులుసు పోయించుకుంటున్నాడు.

మగ్గం ఆగింది, మనిషి బాగున్నాడు, పోయి అదే చెప్పు అని ఫోన్ పెట్టేశాను.